ఏ ఎలక్షన్ల వీరయ్య

రాళ్లవాగు పార్లమెంటు స్థానం ఇప్పుడు లేదు. పట్నమన్నదే లేని ఆ పల్లెల నియోజకవర్గం బతికినన్నాళ్లూ ప్రతి ఎన్నికకూ నెత్తురు తాగింది. తర్వాత హద్దులు మార్చి, ముక్కలు చేసి, పక్క స్థానాల్లో కలిపేశారు. అక్కడ పోటీకి దిగి ఒకరిమీద ఒకరు కత్తులు నూరిన దొరలిద్దరూ ఇవాళ ఒకే పార్టీలో వియ్యంకులు. చచ్చినవాళ్లే వెర్రివాళ్లు.

సమ్మవ్వ మొగుడు వీరయ్య ఆ వెర్రివాళ్లలో ఒకడు. బూత్‌లో ఓట్ల డబ్బా మీద పడుకుని వదలనన్నాడు. డబ్బాతోపాటు మనిషినీ జీపులో వేసుకుపోయారు. డబ్బా బావిలో దొరికింది, మనిషి దొరకలేదు. శవం లేదు కనుక కర్మ జరగలేదు, ఆమె చేతి గాజులు ఎవరూ తీయలేదు. ఆ గాజులతోనే మహారాష్ట్రలోని భివండీ వచ్చి, అక్కడి కనేరి వాడలో మగ్గాల షెడ్డులో కండెలు చుడుతూ ముసలిదైంది.

ఈ ఎన్నికకు ఊరి ఓటర్లను తీసుకుపోయే బస్సు భివండీలోని అంజూర్ ఫాటా కూడలిలో ఆగింది. జనాన్ని ఎక్కిస్తున్నవాణ్ని చూసి సమ్మవ్వ గుర్తుపట్టింది. వాడు నర్సింహులు. ఆ జీపులో ఉన్నవాళ్లలో ఇంకా బతికున్నది వాడొక్కడే.

ఆమె దగ్గరికి వెళ్లింది. చేతి సంచిలో, బాగు చేయించమని షెడ్డు సేటు ఇచ్చిన నాడె ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే ఆ కొయ్యకు రెండు వైపులా ఇనుప మొనలు.

"నర్సింహులన్నా, నేను వీరయ్య పెండ్లాన్ని. నాకు పోలీసులు వద్దు, పంచాది వద్దు. ఆయనను ఏడ పెట్టిన్రో చెప్పు, గంతే. ఇన్ని నీళ్లు ఇడుస్త."

"ఏ వీరయ్య?"

"రాళ్లవాగు ఎలక్షన్ల డబ్బా మీద పన్నడు."

నర్సింహులు గుట్కా ఉమ్మి నవ్వాడు. "డబ్బాల మీద శానమంది పన్నరక్కా. ఏ ఎలక్షన్ల వీరయ్య?"

బస్సు కిటికీలోంచి ఎవడో కిసుక్కుమన్నాడు.

ఇన్నేళ్ల దుఃఖం ఒక్కసారిగా ఆమె చేతిలోకి వచ్చింది. నాడె మొన వాడి గొంతులో దిగింది. లాగి మళ్లీ పొడిచింది, మళ్లీ పొడిచింది. గాజులు పగిలి మణికట్టు కోసుకుపోయినా ఆగలేదు. వాడు టైరుకు ఒరిగి కూలాడు. ఎవరో ఆమె జుట్టు పట్టి ఈడ్చారు, డొక్కలో తన్నారు.

అప్పుడు వాడి కళ్లలో గుర్తుపట్టిన జాడ కనిపించింది. ఆమెను చూశాడు, గాజు ముక్కలు చూశాడు. చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి గానీ మాటకు బదులు నెత్తురు బుడగ వచ్చింది.

సమ్మవ్వ విదిలించుకుని పాకుతూ వచ్చి, కొంగు కుక్కి తను చేసిన గాయాన్ని తనే అదిమింది.

"చెప్పన్నా, చెప్పు. సావకు. ఏడ పెట్టిన్రో చెప్పి సావు."