కె. రావు కలెక్షన్

"గారెలు వేడివేడిగా వెయ్యి. చల్లారినవి దొరలకి పెట్టకూడదు" అన్నారు మా ఆయన, శుక్రవారం పొద్దున్నే గెడ్డం గీసుకుంటూ. వేడివేడిగా వెయ్యడమంటే వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా నేను పొయ్యి దగ్గరే నిలబడటం. నాలుగేళ్ళ క్రితం దోహాకి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాటకి అర్థం తెలియలేదు. ఇప్పుడు బాగా తెలుసు.

మా ఆయన కామేశ్వరరావు ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. చమురు ధర చుక్కలనంటిన దగ్గర్నుంచి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా రెండు గదుల ఫ్లాటు నిండా సామానే. అందులో ఆయనకి ప్రాణం జపాను క్యాసెట్ డెక్కు. పై అధికారి వెల్బీ దొరకి జాజ్ సంగీతం పిచ్చి, కనక ఈయనకీ పిచ్చే. మదీనత్ ఖలీఫాలోని తన విల్లా నుంచి దొర రికార్డులు పంపిస్తాడు. వాటిని క్యాసెట్లకెక్కించి దొరకీ, దొర స్నేహితులకీ కార్లలో వినడానికి ఇస్తారు ఈయన. "రావు టేపులు" అంటే ఊళ్ళో పెద్ద పేరు.

ఎక్కించేది నేను. అరగంట పాటకి అరగంటా కూర్చోవాలి. ఆ అరగంటా మిక్సీ వెయ్యకూడదు, పాటలో గరగర పడుతుంది. గట్టిగా అడుగెయ్యకూడదు, రికార్డు మీద ముల్లు ఎగురుతుంది. అయ్యాక క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు పిన్నీసుతో విరిచెయ్యాలి. అవి ఉంటే ఎవరైనా పొరపాటున దాని మీద ఇంకేదో రికార్డు చేస్తారు, పాట చెరిగిపోతుంది. చివరికి అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో పాటల పేర్లు, కింద "కె. రావు కలెక్షన్". పాడినవాళ్ళ పేర్లు రాస్తే చోటు దండగట. ఇంగ్లీషు బి.ఏ. చదివింది ఇందుకే కాబోలు. "బటను నొక్కి కూర్చోవడం కూడా ఒక పనేనా?" అంటారు పైగా.

ఈసారి వచ్చిన రికార్డు అట్ట మీద ఒక నల్లజాతి గాయని బొమ్మ. కళ్ళు మూసుకుని పాడుతోంది. వెనకవైపు ఆవిడ కథ. అమెరికాలో ఆవిడ పాడిన పెద్ద హోటళ్ళలో ఆవిడకి ముందు గుమ్మం లేదట. వంటింటి దారిన లోపలికి వెళ్ళడం, పాడటం, మళ్ళీ వంటింటి దారినే బయటికి. ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో. మా ఆయన ఆ అట్టని గోడవైపు తిప్పి పెట్టారు. "దీని గొంతు వినాలి గానీ మొహం చూడకూడదు. టేపుతో ఆ బాధ లేదు" అని నవ్వారు. నిజమే. రికార్డు మీద మొహం ఉంది, పేరుంది. టేపులోకి దిగేసరికి రెండూ పోయి, కె. రావు మిగులుతాడు. ఆ పని చేసేది నా చేతులే. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

నాదీ నలుపే. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నా ముంజేయి తిరగేసి చూసింది, లోపలైనా తెల్లగా ఉంటుందేమోనని. పోయిన నెల మిసెస్ వెల్బీ వంటింట్లోకి తొంగిచూసి, ఖాళీ ప్లేటు నా చేతికిచ్చి, మా ఆయనతో "మీ పనిమనిషి బాగా వండుతుంది, ఎక్కడ దొరికింది?" అంది. ఆయన "థాంక్యూ మేడమ్" అన్నారు. తరవాత నేను నిలదీస్తే "ఖల్లీవల్లీ, వదిలెయ్. ఆవిణ్ణి ఇబ్బంది పెట్టమంటావా?" అన్నారు. నా ఇబ్బంది ఎవరి లెక్కలోదీ కాదు.

ఇక్కడ మనవాళ్ళు ఇంటికి ఉత్తరాలు రాయడం మానేశారు. క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిస్తారు. బుధవారం మా ఆయన గది తలుపేసుకుని తెనాలిలోని వాళ్ళమ్మకి అరగంట మాట్లాడారు. ఎప్పుడూ చివర్లో నన్ను పిలిచి "కులాసానా అత్తయ్యగారూ, అను" అనేవారు. ఈసారి పిలవలేదు. గురువారం, ఆఫీసులో పనిచేసే లియాఖత్ అలీ హైదరాబాదు వెళ్తుంటే, అక్కణ్ణుంచి తెనాలికి పంపమని బల్ల మీది క్యాసెట్ తీసి ఇచ్చేశారు.

బల్ల మీద రెండున్నాయి. ఒకే రంగు, ఒకే రకం. ఆ గాయని పాటలెక్కించి నేనింకా పేర్లు రాయనిది ఒకటి, ఆయన మాట్లాడింది ఒకటి. పేర్లు రాయడం నా పని కదా. రాయని క్యాసెట్‌ని గుర్తుపట్టడం ఆయనకి రాదు.

శుక్రవారం గారెలకి పప్పు రుబ్బబోతూ, పాట సరిగ్గా పడిందో లేదోనని మీట నొక్కాను. ఆయన గొంతు వచ్చింది.

"నువ్వు మొదట్నించీ చెప్తూనే ఉన్నావమ్మా. ఈ నల్లమొహాన్ని నలుగురిలోకి తీసుకెళ్ళలేక చస్తున్నా. దొరసాని పనిమనిషి అనుకుంది. నేనూ కాదన్లేదు. పెళ్ళామని ఎలా చెప్పుకోను? వచ్చే నెల తెచ్చి నీ దగ్గర దింపేస్తా. పాస్‌పోర్టు నా దగ్గరే ఉందిగా. నీకు వండిపెడుతూ పడుంటుంది. దానికి మాత్రం ముందే చెప్పకు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడుపు రాలేదు. ఇంకో నాలుగు రోజుల్లో తెనాలిలో మా అత్తగారు ఇరుగుపొరుగుల్ని పోగేసి, కొడుకు మాటలు వినిపిస్తానని మీట నొక్కుతుంది. ఆ నల్లావిడ గొంతు విప్పుతుంది. ఈసారి ముందు గుమ్మంలోంచే వెళ్ళింది మహాతల్లి. నాకు నవ్వొచ్చింది. పిన్నీసు తీసి క్యాసెట్ రెక్కలు రెండూ విరిచాను. గుండ్రటి అక్షరాలతో "కె. రావు కలెక్షన్" అని రాశాను.

మధ్యాహ్నం వెల్బీ దంపతులు వచ్చారు. మా ఆయనతో పనిచేసే రామకృష్ణారావుగారూ, ఆయన భార్య కమలాదేవిగారూ వచ్చారు. "ఏమేవ్, దొరగారి కొత్త టేపు పట్రా!" అని కేక. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళాను. క్యాసెట్ నేనే పెట్టి, మిసెస్ వెల్బీ పక్క కుర్చీలో కూర్చున్నాను.

"గారెలో?" అన్నారు మా ఆయన పళ్ళ మధ్య నుంచి.

"అయిపోయాయి."

గొంతు మొదలైంది. కమలాదేవిగారు గారె ప్లేట్లో పెట్టేసి నా వైపు చూశారు. రామకృష్ణారావుగారు తల దించుకున్నారు. "రావ్, ఇది నీ గొంతు కదా! ఏమంటున్నావు?" అని దొర సరదాగా అడిగాడు. నేను చెప్పాను. ఒక్కొక్క వాక్యమే, ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా. దొరసాని ఎర్రబడిపోయింది. "నేను పనిమనిషిని కాదు మేడమ్. నా పేరు సీతాలక్ష్మి. మీ కార్లో టేపులన్నీ ఎక్కించింది నేనే" అన్నాను.

మా ఆయన డెక్కు మీద పడ్డారు. రావు టేపులు ఎన్ని కార్లెక్కి ఊరు తిరుగుతాయో ఆయనకి తెలుసు. "చెరిపెయ్! ముందిది చెరిపెయ్!" అంటూ రికార్డు మీట నొక్కారు. అది దిగలేదు. ఎన్నిసార్లు నొక్కినా దిగలేదు. నేను క్యాసెట్ బయటికి తీసి పిడికిట్లో పట్టుకున్నాను.

"రెక్కలు విరిచేశానండీ. ఇంక చెరగదు. ముందు నా పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టండి. ఎక్కడుండాలో నేను చెప్తాను."

ఆయన బీరువా తాళాలు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళారు. రెక్కలు విరిగినచోట పడ్డ ఆ రెండు కంతల మీదా కాస్త సెల్లోటేపు అంటిస్తే చాలు, నిక్షేపంగా చెరుగుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఒక్కనాడైనా ఆ పని చేస్తేగా.