పగటి లైట్లు

పట్టపగలు కారుకి లైట్లు వెలిగించుకుని తిరగాలని మా ఆయనకి బుద్ధి పుట్టింది. అరవై దగ్గరపడేసరికి మగవాళ్లకి ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. ఒకాయన జుట్టుకి రంగేస్తాడు, ఒకాయన తెల్లారకుండానే బూట్లేసుకుని నడక మొదలుపెడతాడు. మా బసవపున్నయ్యగారికి ఇది పట్టింది. వినగానే నాకు ఒళ్లు మండింది. బెజవాడ ఎండకి తారు కరిగిపోతుంటే మీకు వెలుగు చాలలేదా అన్నాను. ఆయన పేపరులోంచి తలెత్తలేదు.

ఆ కారేమన్నా మామూలు కారా? గుణదలలో మా వీధి చివరి డాక్టరుగారు ఎప్పుడో ముచ్చటపడి జపాన్ నుంచి తెప్పించుకున్న కారు. ఆయన హైదరాబాదు వెళ్లిపోతూ అమ్ముతానంటే, మైలవరంలో ఎరువుల కొట్టు నడుపుకునే మా ఆయన నేనున్నానంటూ పరిగెత్తాడు. దానికి ఏ చిన్న ముక్క విరిగినా ఊరంతా గాలించాలి. అయినా సరే, ఆ కారు మీద ఈగ వాలనివ్వడు. స్టీరింగు ఎవరినీ ముట్టుకోనివ్వడు. నేను చెప్పులు దులుపుకుని ఎక్కాలి. రోజూ పొద్దున మైలవరం, సాయంత్రం గుణదల. కొట్లో ఎన్ని చికాకులున్నా కారు దిగేటప్పుడు మాత్రం ఆయన మొహం కళకళలాడుతూ ఉండేది.

"బూడిద రంగు కదా, రోడ్డులో కలిసిపోతోంది. ఎదురొచ్చేవాడికి దగ్గరకొచ్చేదాకా తెలియట్లేదు" అన్నాడు. ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ ముందు తెల్లగా గీతలాగా వెలిగే లైట్లుంటున్నాయట, అవి దారి చూపించడానికి కావట, పగలు కూడా మన బండి ఎదుటివాళ్లకి దూరం నుంచే కనపడటానికట. అయితే ఎర్ర రంగు వేయించండి, అగ్నిమాపక శకటం అనుకుని అందరూ తప్పుకుంటారు అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

పెద్ద షోరూములో కనుక్కుంటే, మీ మోడలుకి అసలు లైట్లే మొత్తం మార్చాలి, విదేశం నుంచి రావాలి అని ఒక రేటు చెప్పారు. ఆ రేటుకి ఇంకో పాత కారు వస్తుంది. పీడా పోయింది, ఇక ఊరుకుంటాడులే అని సంబరపడ్డాను. ఊరుకోలేదు. గవర్నర్‌పేటలో పనుందని బయల్దేరేవాడు, తీరా చూస్తే మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్‌లో తేలేవాడు. ఇంట్లో కూడా పరధ్యానమే. నడుస్తూ నడుస్తూ కాళ్ల దగ్గరున్న నీళ్ల చెంబు తన్నేవాడు, తలుపుకి భుజం కొట్టుకునేవాడు. మనసంతా ఆ లైట్ల మీదుంటే ఇంట్లో సామాన్లేం కనపడతాయి అని సణుక్కుంటూ తుడుచుకునేదాన్ని.

చివరికి రాంబాబు అనే ఎలక్ట్రీషియన్ దొరికాడు. నేనూ వెంట వెళ్లాను, ఈయన్ని వదిలేస్తే కారుకి పెళ్లి పందిరిలాగా సీరియల్ బల్బులు కట్టించుకొస్తాడని నా భయం. రాంబాబు మంచి పనివాడే. ఈ కారు హెడ్‌లైటు వైర్లు కోస్తే లోపలి కంప్యూటరు ఊరుకోదనీ, అందుకని వాటి జోలికి పోకుండా తాళం తిప్పగానే కరెంటొచ్చే ఫ్యూజు నుంచి విడిగా ఒక లైను లాగుతాననీ చెప్పాడు. వేరే కారు కోసం తయారైన ఎల్‌ఈడీ పట్టీలు తెచ్చి బంపరు కింద నల్ల జాలీలో కూర్చోబెట్టాడు. షోరూము వాళ్లు చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాలేదు. లోపల ఒక స్విచ్చి పెడతాను, వద్దనుకున్నప్పుడు ఆపుకోవచ్చు అని రాంబాబు అంటే మా ఆయన ఒప్పుకోలేదు. ఇంజను నడుస్తున్నంతసేపూ వెలగాల్సిందేనన్నాడు. ఎంత దూరం నుంచి కనపడతాయి అని అడిగాడు. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. ఇంకా ఎక్కువ వెలుగు వచ్చేవి లేవా అని కూడా అడిగాడు. ఎదుటివాళ్ల కళ్లల్లో కొడతాయి బాబాయ్‌గారూ అన్నాడు రాంబాబు. కొట్టనీ అన్నాడు మా ఆయన. ఎంత షోకు ఈ మనిషికి అనుకున్నాను.

ఆ మరుసటి వారం మైలవరంలో రావమ్మ వదిన గృహప్రవేశం. వదినంటే మా ఆయనకి పెద్దమ్మ కూతురు. పట్టుచీర కట్టుకుని ఎక్కి కూర్చున్నాను. గొల్లపూడి దాటామో లేదో తతంగం మొదలైంది.

మనవాళ్లకి ఒక గుణం ఉంది. రోడ్డు మీద ఎవరికి ఎవరూ దారివ్వరు గానీ, పగలు ఎవరి కారుకైనా హెడ్‌లైటు వెలుగుతుంటే మాత్రం ప్రాణం ఒప్పదు. పాపం ఆపటం మర్చిపోయాడు, బ్యాటరీ దిగిపోతుంది అని ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యి బయటపెట్టి గుప్పిట మూస్తూ తెరుస్తూ చెప్పి పోతాడు. కొత్త కార్లని పట్టించుకోవడం మానేశారు గానీ, ఈ పాత కారు బంపరు కింద అంత వెలుగు చూసేసరికి మర్చిపోయాడనే అనుకున్నారు. ఆటోవాళ్లు చూపించారు. ఇబ్రహీంపట్నం దగ్గర బస్సు డ్రైవరు సగం బయటికి వంగి చూపించాడు. బండి మీద మొగుడి వెనక కూర్చున్న ఒకావిడ, చంకలో పిల్లని పెట్టుకుని మరీ చూపించింది. నాకు నవ్వాగలేదు.

కొండపల్లి దాటాక నవ్వు ఆగిపోయింది. మా ఆయన ఒక్కరికి కూడా బదులివ్వలేదు. ఆయన సంగతి నాకు తెలుసు. స్టాండు తియ్యకుండా స్కూటరు నడిపేవాళ్లని, చక్రం దగ్గర చున్నీ వేలాడేసుకుని పోయే పిల్లల్ని హారను కొట్టి, ఆపి, దిగి మరీ చెప్పే మనిషి. తనకి ఎవరైనా మంచి చెప్తే చెయ్యెత్తి దండం పెట్టనిదే ముందుకి కదలడు. అలాంటివాడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మెడ బిగించి, రోడ్డు మధ్యలోకే చూస్తున్నాడు. వాళ్ల చేతులు ఆయన కుడి పక్క కిటికీకి బారెడు దూరంలోంచి పోతున్నాయి. ఒక్కసారన్నా చూపు అటు తిరగలేదు.

ఏమిటో తేల్చుకోవాలనుకున్నాను. అడిగితే చెప్పే మనిషి కాదు. జి.కొండూరు అవతల ఎడమ పక్కన ఒక బస్టాపు వచ్చింది. అందులో మనిషి కాదు కదా, కుక్క కూడా లేదు.

"అదుగో, బస్టాపులో మన దుర్గాప్రసాద్ నిలబడి చెయ్యూపుతున్నాడు, చూశారా?" అన్నాను. దుర్గాప్రసాద్ మా కొట్లో గుమస్తా.

"చూశాలే. అవతల ముహూర్తం దాటిపోతుంటే ఇప్పుడు ఆగమంటావా?" అన్నాడు.

కుడి చెయ్యి ఎత్తి ఆయన చెంప పక్కన, ఇంత దూరంలో, వేళ్లు ఆడించాను. ఏమీ లేదు. గాజులు గలగలలాడితే అప్పుడు ఇటు తిరిగాడు.

"ఆపండి" అన్నాను.

"ఏమైంది?"

"కారు ఆపండి ముందు."

మామిడితోట పక్కన మార్జిన్‌లోకి దించి ఆపాడు. ఇంజను ఆపలేదు. నేను ఊరికే ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయనకి అర్థమైపోయింది. ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పాడు. కంట్లో ఒత్తిడట. కిందటి ఎండాకాలంలోనే డాక్టరు చూశాడట, చుక్కలు రాసిచ్చాడట. ఉన్నది పోకుండా చూసుకోవడమేగానీ పోయింది రాదన్నాడట. కారు నడపొద్దని అప్పుడే గట్టిగా చెప్పాడట. చుక్కల మందు కొట్లో బీరువాలో పెట్టుకుని నాకు తెలియకుండా వేసుకుంటున్నాడు.

"ఎదురుగా ఉన్నది బాగానే కనపడుద్ది రత్నం. పేపరు చదువుతున్నానా లేదా? పక్కన ఉన్నవే ఉండవు. ఉండవంటే చీకటిగా ఉంటదని కాదు. అసలు అక్కడ ఏదీ లేనట్టే ఉంటది."

"మరి ఈ లైట్లు?"

రెండు నెలల కిందట ఇదే రోడ్డులో సైకిలు మీద పోతున్న మనిషికి కారు రాసుకుపోయిందట. అతను కాలవలో పడి లేచి తిట్టాడట. "తిట్లు వినపడితేగానీ అక్కడ మనిషున్నాడని నాకు తెలీలేదు" అన్నాడు. "అందుకని పెట్టించా. నేను వాళ్లని చూడలేకపోయినా, వాళ్లన్నా నన్ను చూసి తప్పుకుంటారు గదా."

ఇన్నాళ్లూ ఇది షోకనుకుని నేను వెటకారాలాడుతుంటే ఈ మనిషి నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. ముందు నుంచి వచ్చేవాడు తప్పుకుంటాడు సరే, పక్క సందులోంచి బంతి కోసం పరిగెత్తుకొచ్చే పసిపిల్లకి మీ ముందు లైటు ఏం కనపడుద్ది అని అరిచాను. దాని తల్లి మన గుమ్మంలోకొచ్చి కూర్చుంటే ఏం చెప్తారు, రాంబాబు మంచి లైట్లు బిగించాడని చెప్తారా అన్నాను. తాళం ఇవ్వమన్నాను. ఆయన స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. జాగ్రత్తగా పోతానన్నాడు, నిదానంగా పోతానన్నాడు, ఈ సీజను అయ్యేదాకా అన్నాడు. డ్రైవరుని పెట్టుకుందామన్నాను. కొట్టుకి మూటలాగా ఒకడు మోసుకెళ్లి దింపుతుంటే రైతులు నన్నేమనుకుంటారు అన్నాడు. ఎవరన్నా ఏమన్నా అనుకోనీ, ఇవ్వండి అన్నాను.

"ఇవ్వను" అన్నాడు. "ఇదొక్కటి ఉండనీ రత్నం. మిగతావన్నీ ఎట్లాగూ పోతాయి."

ఆ మాటకి నేనిక అక్కడ కూర్చోలేకపోయాను. తలుపు తీసుకుని దిగి, నడిచైనా పోతానని పట్టుచీరతో ఆ ఎండలో నాలుగడుగులు వేశాను. వెనకే ఆయన దిగిన చప్పుడైంది. ఎక్కడికే, ఆగు అంటూ బానెట్టు మీద చెయ్యి ఆనించుకుంటూ కారు ముందు నుంచి చుట్టి వస్తున్నాడు. వస్తూ వస్తూ ఆగిపోయాడు. లైట్లు వెలుగుతుండగా ఆయన కారు ముందు ఇంత దగ్గరగా నిలబడి చూసుకోవడం అదే మొదలేమో. తల వంచి బంపరు వైపు చూశాడు. మొహం ఎర్రబడింది.

"చూశావా వాడి పని" అన్నాడు. "వారం తిరక్కుండానే ఒకటి ఆరిపోయింది. చవగ్గా చేస్తానన్నప్పుడే అనుకున్నా. దొంగ వెధవ, రేపే పోయి మొహాన కొడతా."

నేను వెనక్కి వచ్చి చూశాను. రెండూ వెలుగుతున్నాయి. ఆ ఎండలో కూడా కళ్లు చిట్లించుకునేంత తెల్లగా, రెండూ ఒకేలాగా వెలుగుతున్నాయి.

చెప్పకుండా ఉండిపోదామనే అనిపించింది. రాంబాబుని తిట్టుకోనీ, రేపు ఆటోనగర్ పోయి గొడవ పెట్టుకోనీ అనిపించింది. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు.

"రెండూ వెలుగుతున్నాయండీ" అన్నాను.

తిట్టడం ఆపాడు. తల మెల్లగా ఎడమవైపు తిప్పాడు. అటువైపు లైటు దొరికింది. దాన్ని చూస్తూ నిలబడి, మళ్లీ తల కుడివైపు తిప్పాడు. ఇటుది దొరికింది, అటుది పోయినట్టుంది, గబుక్కున మళ్లీ అటు తిప్పాడు. రెండూ ఒక్కసారే దొరుకుతాయేమోనని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వంకరగా రోడ్డు మీదికి పోతున్నాడని నేను చెయ్యి పట్టుకుని లాగాను. లాగినా కూడా ఆయన చూపు ఆ లైట్ల మధ్యే తిరుగుతోంది. ఒక లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది.

"ఇంత పోయిందనుకోలేదు" అన్నాడు.

తర్వాత కారుని తడుముకుంటూ తన వైపు తలుపు దగ్గరికి వెళ్లాడు. లోపలికి చెయ్యి పెట్టి ఇంజను ఆపాడు. లైట్లు ఆరిపోయాయి. తిరిగొచ్చి, నా చెయ్యి ఎక్కడుందో వెతికి పట్టుకుని, తాళం అందులో పెట్టి నా వేళ్లు మూశాడు. ఆయన చేతి చెమటకి అది తడిగా ఉంది. దానికోసమే అంతసేపు గొంతు చించుకున్నాను. చేతిలోకి వచ్చాక, దేవుడా, ఎవరికేమైనా సరే తిరిగి ఇచ్చేద్దామనిపించింది.