చచ్చిన లైనులో మూలుగు

దర్శి అవతల మిరప చేలల్లో ఆ మధ్యాహ్నం లైన్ క్లియర్ తీసుకున్నాం. అంటే సబ్‌స్టేషన్‌లో చెప్పి కరెంటు ఆపించాం. పగిలిన పింగాణీ ఇన్సులేటర్ మార్చడానికి నా హెల్పర్ కోటేష్ ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం ఎక్కాడు. లైన్‌మన్ అంకమ్మరావు అనే నేను కింద నిలబడి తొందర పెడుతున్నాను. నాకు ఓపిక తక్కువ.

అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది.

ముప్పై ఏళ్లుగా వింటున్న చప్పుడే. కరెంటు లేనప్పుడు మాత్రం ఎన్నడూ వినలేదు. గాలి లేదు, చేలో మనిషి లేడు. ఆ ఇనప పెట్టె నిద్రలో కలవరిస్తున్నట్టు సన్నగా మూలుగుతూనే ఉంది. పైకి చూసి అరిచాను.

"ఒరేయ్, ముట్టుకోకు!"

"లైన్ క్లియరేగా బాబాయ్!" అని నవ్వాడు వాడు. చెయ్యి తీగకు జానెడు దూరంలో ఉంది.

"దిగరా వెధవా!"

వాడి కాళ్లు నేలకు తగిలేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. అప్పుడు తట్టింది. పైనుంచి పదకొండు వేల వోల్టులు వస్తే లోపలి తీగ చుట్టలు దాన్ని తగ్గించి ఇళ్లకు రెండొందల ముప్పై ఇస్తాయి. కింది నుంచి రెండొందల ముప్పై పంపితే అవే చుట్టలు పైకి వేల వోల్టులు చేసి పెడతాయి. ఎటు నుంచి వచ్చినా వాటికి ఒకటే. ఎవడో ఇంట్లో మెయిన్ ఆపకుండా జనరేటర్ తిప్పుతున్నాడు.

"ఎవడో గానీ ఇవాళ నా చేతిలో అయిపోయాడు," అంటూ తీగల వెంట నడిచాను. కోటేష్ వెనకే వచ్చాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నవి మూడే ఇళ్లు, రెండు ఫర్లాంగుల దూరంలో. కోతలకు పోయి రెండింటికి తాళాలు. మూడోది కోటేష్ కాపురం. పెరట్లో జనరేటర్ గడగడలాడుతోంది.

వాడి భార్య శ్రీదివ్య మిక్సీ దగ్గర నుంచి నవ్వుతూ లేచింది. "వచ్చారా! మావయ్యగారూ, మీరూ కూర్చోండి. గోంగూర పచ్చడి చేస్తున్నా."

కోటేష్ గబగబా పెరట్లోకి వెళ్లాడు. జనరేటర్ ఆపాడు. దాని నుంచి గోడ ప్లగ్గులోకి పోయిన వైరు పీకాడు. రెండు చివర్లా పిన్నులున్నాయి దానికి.

"అయ్యో, ఎందుకండీ? కరెంటు పోతే ఇది గుచ్చుకోమని మీరేగా చేసిచ్చింది!"

వాడు అక్కడే కూలబడ్డాడు. తిట్టబోతే నా తప్పు గుర్తొచ్చింది. పని మొదలెట్టే ముందు లైనుకు గొలుసు తగిలించి భూమికి కలపాల్సింది నేను. అది ఉంటే ఎటు నుంచి వచ్చిన కరెంటైనా నేలలోకి పోయేది. తొందరలో ఆ గొలుసు బండి మీదే వదిలేశాను.

ఏమీ తెలియని శ్రీదివ్య నా ముందు కూడా కంచం పెట్టింది.