నాలుగో చెట్టు మీద పాట

కౌతు మూడో కొబ్బరిచెట్టు దిగి, టెంకాయ బుర్రలోని తీపికల్లు డబ్బాలోకి వంచి, ఖాళీ బుర్రను భార్య కారో ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె కళ్ళు తెరవకుండానే వాసన చూసింది.

"బాగానే ఉంది. కడిగెయ్," అంది.

పందొమ్మిదేళ్ళుగా బుర్రలు కడగడం ఆమె పని. ఉప్పునీటి మడుగు ఒడ్డున తడి ఇసుక వేసి తోమి, మంచినీళ్ళతో తొలిచి, ప్రతిదీ వాసన చూసి, గుడిసె స్తంభానికి బోర్లా తగిలించేది. సరిగ్గా కడగని బుర్రలో పొద్దున పడ్డ కల్లు సాయంత్రానికే నురుగు కడుతుంది, రెండు రోజులుంచితే మనిషిని పడగొడుతుంది. ఈ నెలలో ఆమె కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరి అందడం లేదు. అందుకని కడగడం కౌతు చేతికి వచ్చింది. వాసన చూడడం మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

"పొద్దున్నే రెండుసార్లు పాడావేంటయ్యా?"

"తెబానో ఇంటి మీదుగా గాలి తోలింది."

కారో నవ్వబోయింది, దగ్గు అడ్డం వచ్చింది. తెబానో ఆమె తమ్ముడు. వాడింట్లో పులిసిన కల్లు లేని రోజంటూ ఉండదు. "వాడింటి గాలి ఒక్కసారికి లొంగదులే," అంది దగ్గు తగ్గాక.

ఆ దీవిలో కల్లు గీసేవాడు చెట్టెక్కితే పాడాలి. పైన మనిషి ఉన్నాడని కింద వాళ్ళకు, ముఖ్యంగా స్నానాలు చేసే ఆడవాళ్ళకు తెలియాలి కదా. కొందరు పడవ పందేల పాటలు పాడతారు, కొందరు తమ గొప్పలే పాడుకుంటారు. కౌతుది ఒకటే పాట. పడవ ఒడ్డు చేరడం గురించి పాత పాస్టరుగారు కట్టిన మూడు చరణాల కీర్తన. గొంతు గొప్పదేం కాదు, పై స్థాయిలో చీలిపోతుంది. ఊరికి అది అలవాటైపోయింది.

కౌతుకు అరవై దాటాయి. పొట్టి మనిషి. కాళ్ళు వంకర తిరిగి, అరికాళ్ళు తాబేటి చిప్పల్లా గట్టిపడ్డాయి. చెట్టును కావలించుకొని ఎక్కీ ఎక్కీ ఛాతీ మీద రోమం మొలవడం మానేసింది. కారోకి ఎప్పుడూ కుడివైపునే కూర్చుంటాడు. ఎడమ చెవి ఆమెకు వినబడదు.

ఆ చెవి పోగొట్టింది కౌతే. పందొమ్మిదేళ్ళ కిందట, చేప మాడిందని, తాగి ఉన్న మత్తులో ఒక్క దెబ్బ కొట్టాడు. తెల్లారి లేచి ఎడమవైపు నుంచి పిలిస్తే ఆమె పలకలేదు. అలిగిందనుకున్నాడు. మధ్యాహ్నానికి సంగతి అర్థమై, పాస్టరుగారింటికి వెళ్ళి గడప దగ్గర కూలబడ్డాడు.

"ఇక తాగనని ప్రభువుకు మాటిస్తాను. కానీ రోజుకు రెండుసార్లు దాని చెట్టే ఎక్కాలి గదా అయ్యా. నేను బలమైనవాణ్ణి కాను."

"నిన్ను బలంగా ఉండమని ఎవరన్నారు? బలం ఆయన చూసుకుంటాడు. నువ్వు పాడు. నోటికి ఒకసారి ఒకటే పని. పాడే నోట్లోకి కల్లు దిగదు," అన్నారు పాస్టరుగారు.

అంత తేలికైన మందు ఎలా పనిచేస్తుందని కౌతు అనుమానపడ్డాడు. పనిచేసింది. ఒకసారికి ఆశ పోకపోతే రెండోసారి పాడేవాడు. సంఘంలో సాక్ష్యం చెప్పమని నిలబెడితే, "జయం అని పెద్దమాట అననండీ. శోధనతో కాపురం చేస్తున్నాను, అంతే," అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు. కారో నవ్వలేదు. ఆ తర్వాత నుంచి పాట రెండోసారి మొదలైతే ఆమె చేతిలో పని ఆపి, అది అయ్యేదాకా తలవంచుకొని కూర్చునేది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కొబ్బరిచెట్టు మీద నిజంగా కల్లే తాగినా చూసేవాడుండడు. ఆమె మాత్రం వినేది.

మధ్యాహ్నం కౌతు కల్లును పాకం కాచాడు. గంజిలో ఆ పాకం కలిపి రెండు చెంచాలు తాగించాడు. మూడో చెంచాకు ఆమె తల తిప్పింది. దీవి ఆ చివరనున్న ఆసుపత్రిలో మూడు రోజులుండి నిన్ననే వచ్చారు. గుండె ఉబ్బిపోయిందని, ఇంటికి తీసుకెళ్ళి దగ్గర ఉండమని నర్సు చెప్పింది. ఆ మూడు రోజులూ చెట్లు చూసుకున్నది తెబానో.

సాయంత్రం తెబానో రెండు చేపలు పట్టుకొచ్చి, అక్క పక్కన చాప మీద కూర్చున్నాడు. కౌతు కత్తి నడుముకు దోపుకొని మూడు చెట్లూ ముగించి, మడుగు మీదికి వాలిన నాలుగో చెట్టు వైపు నడిచాడు. పొద్దున కారోకి ఎగశ్వాస వస్తే దాన్ని వదిలేశాడు.

"బావా, అదెందుకులే ఇవాళ," అన్నాడు తెబానో. "దాని గెల ఎండిపోయింది."

"నువ్వు గీస్తే ఎండక ఏమవుద్దిరా?"

"పోనీ నేనెక్కుతా."

"నువ్వు మీ అక్క దగ్గరుండు."

చెట్టు మొదట్లోనే పాట ఎత్తుకున్నాడు. మొవ్వులోకి చేరేసరికి రెండో చరణం అయింది. గెల నిజంగానే ఎండింది. దాని వెనక, మట్టల సందున, ఆకు మూతతో ఒక బుర్ర నిండుగా వేలాడుతోంది. మూత తీశాడు. గుప్పున కొట్టింది.

రెండు రోజుల కల్లు. అంచు దాకా తెల్లటి నురుగు. మూడో చరణం నోట్లోనే ఆగిపోయింది.

అతను దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. దాహం వల్ల కాదు. రాత్రి కారో ఊపిరి తీస్తుంటే గొంతులో చప్పుడైంది, అది ఆగినప్పుడల్లా తన ఊపిరీ ఆగింది. ఇంకో రాత్రి అది వినాలంటే భయం వేస్తోంది. మనిషన్నవాడు అంత భయం మెలకువతో ఎలా మోస్తాడు? ఈ బుర్ర తాగితే తెల్లారేదాకా ఏమీ వినబడదు. దిగేటప్పుడు నాలుగు పచ్చి ఆకులు నమిలితే వాసనా ఉండదు. ఆమె ముక్కు మునుపటిలా లేదు. ఆ ఆలోచన తనదేనని తెలిసి కౌతుకు సిగ్గేసింది. అయినా చెయ్యి బుర్రను విప్పింది. నురుగు పెదవికి తగిలింది. తియ్యగా, ఘాటుగా, పాత స్నేహితుడు పేరు పెట్టి పిలిచినట్టుంది.

"ప్రభువా, నా వల్ల కాదు," అన్నాడు పైకే.

ఆ మాట అనడానికి నోరు తెరవాల్సి వచ్చింది. తెరిచిన నోటితో మూడో చరణం అందుకున్నాడు. గొంతు చీలింది. పాట అయిపోయింది, బుర్ర ఇంకా చేతిలోనే ఉంది. మళ్ళీ మొదటినుంచి పాడాడు. కల్లు పారబోయడానికి చెయ్యి రాలేదు. మూడోసారి పాడుతూ ఏడ్చాడు. నాలుగోసారి రెండో చరణంలో, పడవ అలల మీద తిరగబడబోయే చోట, ఎవరో మణికట్టు పట్టుకొని మెల్లగా తిప్పినట్టు బుర్ర దానంతటదే ఒరిగింది. కల్లు తెల్లటి తీగలా కిందికి జారి ఇసుకలో ఇంకింది. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. కౌతు చరణం పూర్తిచేసి, మూడోదీ పాడి, పెదవులు భుజానికి తుడుచుకొని, ఖాళీ బుర్ర మెడకు తగిలించుకొని దిగాడు.

దాన్ని మడుగులో కడగాలనిపించలేదు. ముందు కారోకి వాసన చూపించి జరిగింది చెప్పాలి. నిన్ను మోసం చేయబోయానే అని చెప్పాలి.

గుడిసె దగ్గర తెబానో లేచి నిలబడి ఉన్నాడు. కారో ఎడమవైపు ఒత్తిగిలి పడుకొని ఉంది. కుడి చెవి పైకి, చెట్టు వైపుకి ఉంది. గొంతులో చప్పుడు లేదు.

"తనే ఇటు తిరిగింది బావా," అన్నాడు తెబానో. "రెండోసారి మొదలెట్టగానే నన్ను పట్టుకొని తిరిగింది. మూడోసారికి, 'మీ బావకి ఇవాళ బాగా కష్టంగా ఉన్నట్టుందిరా' అంది. నాలుగోసారి చివర్లో, 'గట్టెక్కాడు, దిగుతున్నాడు చూడు' అంది. చూసొద్దామని లేచాను. వెనక్కి తిరిగేసరికి…"

కౌతు ఆమె కుడివైపున కూర్చుని చెవి దగ్గరికి వంగాడు. "దిగానే," అని చెప్పాడు. వెచ్చగానే ఉంది చెవి.

"ఆ బుర్ర నేనే దాచుకున్నాను బావా," అన్నాడు తెబానో. "మరిచిపోయింది కాదు."

"తెలుసురా. వెళ్ళి పాస్టరుగారికి చెప్పు."

మందిరం దగ్గర ఎవరో పాత గ్యాస్ సిలిండరును గంటలా మోగించారు. సాయంత్రపు ప్రార్థన వేళ. ఆడవాళ్ళు చాపలు పట్టుకొని రావడం మొదలైంది. వాళ్ళు కారోకి స్నానం చేయించేంతసేపు కౌతు మడుగు ఒడ్డున గొంతుక్కూర్చుని బుర్ర తోమాడు. ఇసుక మార్చి మళ్ళీ తోమాడు. మంచినీళ్ళతో తొలిచి ఆమె చూసినట్టే ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, ఇంకోసారి తోమాడు. చీకటి పడేవేళకు దాన్ని తెచ్చి, ఆమె తల దగ్గరి స్తంభానికి మిగతా మూడింటి పక్కన బోర్లా తగిలించాడు.

అన్నిసార్లు తోమినా ఆ నాలుగో బుర్రలో పులుపు వాసన కొంచెం మిగిలే ఉంది.