మార్గరెట్ చక్రాల కింద నిమ్మకాయలు

సుగుణ చీపురు పట్టే వేళ రోజుకోరకంగా ఉండేది. ఆ మ్యూజియంలో ఊడ్చే వేళల పట్టిక గడియారాన్ని బట్టి కాదు, సముద్రాన్ని బట్టి నడిచేది మరి. ఎడిన్‌బర్గ్ చివర, ఒడ్డునే ఉన్న రేకుల షెడ్డు అది. అందులో ఉన్నదల్లా ఒకే ఒక పాత విమానం, పేరు మార్గరెట్. పోటు వచ్చినప్పుడల్లా మార్గరెట్ నేల మీంచి మూరెడెత్తు లేచి మెల్లగా ఊగేది. పాటు మొదలవగానే దిగేది. దాని కింద ఊడవడానికి ఆ కాసేపే వీలు. అందుకని సుగుణ పోటు వేళలు చూసుకుని బస్సెక్కేది.

మార్గరెట్ నేల మీదా దిగగలదు, నీళ్లలోనూ దిగగలదు. కింద పడవ, పైన రెక్కలు, వాటి మీద రెండు ఇంజన్లు. నేల మీద దిగాలంటే చక్రాలు కిందికి దించాలి, నీళ్లలో దిగాలంటే పైకెత్తాలి. రెండూ చేత్తో హ్యాండిల్ తిప్పే చెయ్యాలి. మరిచిపోయి చక్రాలతోనే నీళ్లలో దిగితే మూతి గుచ్చుకుని బోల్తా పడడం ఖాయం. వయసులో ఉన్నప్పుడు దీవుల మధ్య ఉత్తరాలు మోసింది, పశువుల డాక్టర్ని మోసింది, ఒకసారి నెలలు నిండిన ఆవిడనీ మోసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అడిగే నాథుడు లేక ఓ రైతు పెరట్లో కోళ్లగూడైంది. పైలట్ సీటు కింద ఇప్పటికీ ఈకలు దొరుకుతాయి. ఈ చరిత్రంతా సుగుణకి చెప్పింది హామిష్ అంకుల్. అక్కడ మెకానిక్కూ ఆయనే, గైడూ ఆయనే, టీ పెట్టేదీ ఆయనే.

సుగుణది కడప. ఈ దేశం వచ్చేదాకా సముద్రం ఎరగదు. భర్త విజయభాస్కర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తనూ ఇంజనీరింగ్ చదివింది గానీ, వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఇక్కడి ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. ఎవరూ పని ఇవ్వకుండా అది ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో ఆ మహానుభావులకే తెలియాలి. ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక జీతం లేని ఈ పనికి వచ్చింది. చెక్కకి వార్నిష్ వెయ్యడం, హ్యాండిల్ తిప్పడం హామిష్ నేర్పాడు. ఆ షెడ్డులో ఆమెని ఎవరూ ఫలానా వారి భార్య అనలేదు. అది ఆమెకి ఎంతో హాయిగా ఉండేది.

రెండువేల పద్నాలుగులో మార్గరెట్ సొంతదారులైన ట్రస్టువాళ్లు షెడ్డు మూసేద్దామనుకున్నారు. మార్గరెట్‌ని నార్తాంప్టన్ దగ్గర గోదాముకి పంపిస్తారట. అక్కడ పోటూ లేదు, పాటూ లేదు. ఇక మార్గరెట్ లేవదు, సుగుణకి బస్సెక్కే పనీ ఉండదు. ఆ మాట చెప్పి హామిష్ గట్టిగా ముక్కు చీదుకున్నాడు. సుగుణ ఇంటిదాకా ఏడుస్తూనే వెళ్లింది.

లారీ రావాల్సిన శుక్రవారమే దసరా పడింది. పంపించే బండికి పూజ లేకుండా ఎలాగని సుగుణ పొద్దున్నే పసుపూ కుంకుమా తెచ్చింది. మూతికి బొట్టు పెట్టి, అలవాటు చొప్పున రెండు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టింది.

అవెందుకని హామిష్ అడిగాడు.

“బండి వాటిని తొక్కి ముందుకు పోవాల అంకుల్. పోకపోతే పూజ చేసినట్టే కాదు.”

నడిపేవాళ్లెవరన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. సుగుణ లోపలికెక్కి హ్యాండిల్ దగ్గర పువ్వు పెడుతుండగా పోటు వచ్చింది. మార్గరెట్ అలవాటుగా లేచింది. కానీ ఈసారి కాస్త ముందుకు జరిగి సరిగ్గా నిమ్మకాయల మీద దిగింది. వాటిని చితక్కొట్టి, లారీ కోసం తెరిచి ఉంచిన తలుపుల్లోంచి దొర్లుకుంటూ బయటికి పోయింది. ఒడ్డు అంచున మళ్లీ మూరెడు లేచి నీళ్ల మీదికి సాగింది.

“సుగుణా, చక్రాలు!” హామిష్ ఒడ్డు మీంచి అరిచాడు.

సుగుణ రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని భుజాలు పడిపోయేలా తిప్పింది. చక్రాలు పైకెక్కి కూర్చున్నాయి. మార్గరెట్ నీళ్ల మీద నెమ్మదిగా వాలింది. హామిష్ పడవలో వెళ్లి దాన్ని రేవులోని పడవల పక్కన కట్టేసి, సుగుణని గట్టు మీదికి చేర్చాడు.

లారీవాళ్లు వచ్చి, నేల మీది విమానమంటేనే వచ్చామని వెనక్కి వెళ్లిపోయారు. రేవు అధికారిణి వచ్చి, తన రేవులో తేలేదేదైనా సరే నావ కిందే లెక్కనీ, నావన్నాక జీతమిచ్చి ఒక కాపరిని పెట్టాల్సిందేననీ తేల్చి చెప్పింది. బయటికి లాగించే ఖర్చు కంటే అదే నయమని ట్రస్టువాళ్లు ఫోన్‌లోనే ఒప్పుకున్నారు. కాపరిగా ఎవరంటే హామిష్ సుగుణ పేరు చెప్పాడు.

“ఎక్స్‌పీరియన్స్ ఉందా?” అంది ఆవిడ.

ఎన్నిసార్లు విన్న ప్రశ్నో.

“దీన్ని నీళ్లలో దింపినవాళ్లలో ఇప్పుడు బతికున్నది ఈమె ఒక్కతే,” అన్నాడు హామిష్.

అధికారిణి పేరు రాసుకుంది. అంతలో సుగుణ ఫోన్ మోగింది. పండగ పూటా భార్య ఇంట్లో లేదేమని విజయభాస్కర్ కంగారు.

“యాడుండావు సుగుణా?”

గట్టు కింద మార్గరెట్ పక్క పడవలతోపాటు మెల్లగా ఊగుతోంది.

“పనిలో ఉండా,” అంది సుగుణ.