చేప వాసన బాణాలు

క్లామత్ నది ఒడ్డున మా ఊళ్ళో ఎల్డన్ అంత ఓపికగా బాణాలు చేసేవాళ్ళు ఇంకొకరు లేరు. వెయ్యడంలో మాత్రం అంత ఓపిక ఉండేది కాదు. ఎండాకాలపు బాణాల పోటీలో పదకొండేళ్ళుగా అతని బావమరిది వర్జిలే గెలుస్తున్నాడు.

ఆ ఏడు ఎల్డన్ పట్టుదల మీదున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు మావాళ్ళు నిప్పు పెట్టి శుభ్రం చేసిన కొండవాలులో ఇనపకర్ర పొదలు మళ్ళీ మొలిచి, కొమ్మలు నిటారుగా లేచాయి. చలికాలంలో వెళ్ళి బాణాలకని చిటికెన వేలంత లావువి పన్నెండు కోసుకొచ్చాడు. బెరడు ఒలిచి, కట్టగా బిగించి, పొయ్యి పైన దూలానికి వేలాడదీశాడు. నెలల తరబడి ఆరాక ఒక్కొక్కటే సెగకు చూపించి, వంకర ఉన్నచోట మోకాలికి ఆనించి మెల్లగా వంచేవాడు. ఒక కన్ను మూసి చూసుకుని, చాలదనిపిస్తే మళ్ళీ సెగ.

"నన్నెప్పుడైనా అంత శ్రద్ధగా చూశావటయ్యా?" అనేది భార్య నెడ్రా.

"నీలో వంకరేముందే, సరిచెయ్యడానికి!"

పోటీ ఇంకా పది రోజులుందనగా ఈకల కోసం ఎగువ ఊరికి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి పెరటినిండా చుట్టాలు. నెడ్రా చెల్లెలు డెల్లా పిల్లాజెల్లాతో దిగింది. నిప్పుల చుట్టూ సాల్మన్ ముక్కలు గుచ్చిన పుల్లలు వరసగా పాతి ఉన్నాయి. ఎల్డన్ ముందు ఆ వాసనకి మురిసిపోయాడు. తరవాత పుల్లల్ని చూశాడు.

"నా బాణాలు!"

"బాణాలా? పుల్లలు చాల్లేదు బావా. పొయ్యిమీద కట్ట కనబడితే, అక్క ఎంత పొందిగ్గా దాచుకుందో అనుకున్నా," అంది డెల్లా.

ఏట్లో చేపలు కడిగి అప్పుడే వచ్చిన నెడ్రా గంప కింద పెట్టి తల పట్టుకుంది. ఎల్డన్ మూతి ముడుచుకుని కూర్చుని, మూడు ముక్కలు తిన్నాడు.

"అలిగినవాడివి తింటున్నావేం?" అంది నెడ్రా భయంభయంగా.

"అలిగింది మీ మీద. చేప ఏం చేసింది?"

ఇనపకర్ర అంత తేలిగ్గా కాలదు. ఐదు బీటలిచ్చాయి గానీ ఏడు నిలిచాయి. గరుకు రాయితో ఎంత రుద్దినా, కర్రలోకి ఇంకిన చేప నూనె వాసన పోలేదు. ఆ పది రోజులూ నెడ్రా పక్కనే కూర్చుని ఈకలు ఊడకుండా జింక నరాల దారం చుట్టింది.

పోటీనాడు చివరి బాణం దాకా వర్జిలే ముందున్నాడు. ఎల్డన్ ఊపిరి బిగబట్టి వదిలాడు. బాణం గడ్డి మోపు మీది నల్ల చుక్కలో దిగింది. జనం కేక పెట్టేలోగా వర్జిల్ కుక్క పరిగెత్తుకెళ్ళి దాన్ని పీకి, నోట కరుచుకుని పొదల్లోకి ఉడాయించింది.

"బాణమే లేదు, లెక్కేమిటి?" అన్నాడు వర్జిల్.

"దొంగకుక్కని పెంచిందెవరు? ఇదేనా దానికి నువ్వు నేర్పిన విద్య?" నెడ్రా తమ్ముడి మీదికి వెళ్ళింది.

తీర్పు చెప్పే ఓర్లా అవ్వ కర్ర పొడుచుకుంటూ మోపు దగ్గరకి నడిచింది. చుక్క మధ్యలోని చిల్లులో వేలు పెట్టి చూసింది.

"కుక్క బాణాన్ని ఎత్తుకుపోయింది గానీ చిల్లుని ఎత్తుకుపోలేదుగా! ఎల్డనే గెలిచాడు."

అది విని అందరికంటే గట్టిగా నవ్వింది వర్జిలే. "వచ్చే చలికాలం నన్నూ కొండకి తీసుకుపో బావా. ఆ కర్రేదో నాకూ చూపించు," అంటూ ఎల్డన్ ను వాటేసుకున్నాడు.

బహుమతి ఒక ఎర్రటి ఉన్ని కంబళి. ఎల్డన్ దాన్ని అక్కడికక్కడే నెడ్రా భుజాల మీద కప్పాడు. మండుటెండ. అయినా ఆవిడ దాన్ని తియ్యలేదు. చెమటలు కారుతున్నా, ఇల్లు చేరేదాకా ట్రక్కులో మహారాణిలా కూర్చుంది.