పురుగులింట్లో తొమ్మిది రోజులు

చేతిలో చిల్లిగవ్వ లేని శేషప్పకు గుండెలో చిల్లి ఉన్న కూతురు పుట్టింది. భువనకు ఆరేళ్ళు వచ్చి, కెలమంగలం స్కూల్లో డాక్టర్లు క్యాంపు పెట్టి, వీపుకు గొట్టం ఆనించి వినేదాకా ఆ సంగతి ఎవరికీ తెలీదు. మెట్లెక్కితే పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగేవి. దొంగతనంగా నేరేళ్ళు తినొచ్చిందని ఇంట్లో తిట్టేవాళ్ళు.

ఆపరేషన్ చెన్నైలో. ఖర్చంతా సర్కారుదే. ముందు కృష్ణగిరి ఆసుపత్రిలో చూసి, పిల్ల బాగుందంటే ఆడినుంచే వ్యానెక్కిస్తారు. రెండుసార్లు పోయినారు. రెండుసార్లూ పిల్లకు జలుబని వెనక్కి పంపినారు. తుమ్మితే ఊడే ముక్కు అంటారు గానీ, ఈ పిల్ల తుమ్మితే ముక్కు నిలిచింది, ముహూర్తం ఊడింది.

"ఈసారి జలుబు లేకుండా తీసుకురండి. ఇంక ఆలస్యమైతే గుండె తట్టుకోదు," అన్నింది డాక్టరమ్మ. మూడోసారి జాబు వచ్చేసరికి గడువు తొమ్మిది రోజులుండింది.

శేషప్ప తల్లి తిమ్మక్క పట్టుపురుగులు పెంచే మనిషి, పట్టిన పట్టు విడవని మనిషి. ముప్పై ఏళ్ళలో ఒక్క పంటనూ రోగానికి ఒప్పజెప్పలేదు.

"పురుగులింట్లోకి బయటోళ్ళను రానిస్తామా? పిల్లనూ అట్లే కాపాడాల," అని, పంటకూ పంటకూ మధ్య ఖాళీగా ఉన్న పురుగులింటిని కడిగించి, మనవరాలితో లోపలికి పోయి గడియ పెట్టుకొనింది. గడప ముందర సున్నం నీళ్ళలో తడిపిన గోనెసంచి. దానిమీద కాళ్ళు తొక్కిగానీ కోడలు చెన్నమ్మ కూడా అన్నం గిన్నె అందించకూడదు. శేషప్ప అయితే గడప దగ్గరికే రాకూడదు. ఎందుకంటే అతనిది ఊరు తిరిగే కాలు, ఊరుకోని నోరు.

"నీ కాళ్ళకు కెలమంగలం సంతంతా అంటుకోనుంటాది. నువ్వు దగ్గరికొస్తే దగ్గొస్తాది, పోరా!"

"ఒక్కసారి చూసిపోతానుమా."

"కిటికీలోంచి చూడు. ముక్కు మూసుకొని చూడు."

మూసుకొనే చూసినాడు. గానుగెద్దు మాదిరి ఇంటిచుట్టూ తిరిగి మళ్ళీ చూసినాడు.

"ఏం చేస్తాండావు పాపా?"

"పురుగుగా ఉండాను నాయనా. అవ్వ ఆకొక్కటే వెయ్యలేదు."

ఏడో రోజు మధ్యాహ్నం తిమ్మక్క కునుకు తీస్తుంటే శేషప్ప కిటికీ వల సందులోంచి ఒక కొబ్బరి బన్ను లోపలికి తోసినాడు. బన్ను లోపలికి పోయింది, బాధ బయటికొచ్చింది. మరునాడు తెల్లారేసరికి పురుగులింట్లోంచి దగ్గు. ఖళ్, ఖళ్.

శేషప్ప చెప్పులు కూడా వేసుకోకుండా కెలమంగలం బేకరీకి పరుగెత్తినాడు.

"నీకు జలుబుందా అప్పా?"

"నాకు లేదప్పా. నీకు కావాల్నా?" అన్నాడు బేకరీ గుర్రప్ప.

తొమ్మిదో రోజు గురువారం నలుగురూ కృష్ణగిరి బస్సెక్కినారు. రాయకోట దాటేసరికి పిల్ల పదకొండుసార్లు దగ్గింది. బన్ను సంగతి చెబితే శేషప్పను తల్లి చంపుతుంది, చెప్పకుంటే తానే చస్తాడు.

డాక్టరమ్మ ఎదుట పిల్ల పన్నెండోది దగ్గింది. "మళ్ళీనా?" అని ఆమె కాగితం మీద పెన్ను పెట్టింది.

"తప్పు నాదే మేడమ్!" అన్నాడు శేషప్ప, వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా. "ఈ చేత్తోనే బన్ను పెట్టినాను. నన్నేమన్నా అనండి, పిల్లను వెనక్కి పంపించొద్దండి."

చెన్నమ్మ అతనివైపు చూసిన చూపుకు బన్నయితే మాడిపోయేది. తిమ్మక్క మాత్రం తలెత్తలేదు.

"వాడి బన్ను కాదమ్మా," అన్నింది. "నా సున్నం."

"సున్నమా?"

"రోగం రాకుండా పురుగుల తట్టల్లో సున్నప్పొడి చల్లుతాము. పిల్ల నిద్రపోయినాక పక్క చుట్టూరా రోజూ చల్లినాను. గడువు దగ్గరపడిందని మొన్న, నిన్న కొంచెం ఎక్కువే చల్లినాను."

జలుబును సున్నా చేద్దామని చల్లిన సున్నం అది. డాక్టరమ్మకు నవ్వు రాలేదు. గొట్టం పెట్టి ముందూ వెనకా వినింది, జ్వరం చూసింది, గొంతు చూసింది. "జలుబు లేదు. వేడినీళ్ళతో ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, గాలికి కూర్చోబెట్టండి. పన్నెండుకు చూస్తాను. అప్పటికీ దగ్గితే పంపలేను."

వ్యానులో అప్పటికే ఇద్దరు పిల్లలు కూర్చోనుండారు. శేషప్ప గడియారం దగ్గరికి పోయినాడు, పిల్ల దగ్గరికి వచ్చినాడు, వ్యాను దగ్గరికి పోయినాడు, మళ్ళీ పిల్ల ముందర గొంతుక్కూర్చొని నోట్లోకి చూసినాడు.

"నువ్వట్ల చూస్తే వస్తాది నాయనా. ఆపక్క పో."

ఆపక్క పోయి, ఆపక్కనుంచి చూసినాడు.

పన్నెండుకు డాక్టరమ్మ మళ్ళీ వినింది. చాలాసేపు వినింది. చెవుల్లోంచి గొట్టం తీసి, "ఎక్కించండి. తోడు ఒక్కరే," అన్నింది.

శేషప్ప మూట ఎత్తుకొనేలోపల చెన్నమ్మ పిల్లనెత్తుకొని వ్యానులో కూర్చోనుండింది. పక్కనున్న ధర్మపురి కూడా చూడని మనిషి. కిటికీలోంచి చెయ్యి చాపి మూట అందుకొనింది. వ్యాను కదిలింది.

"రారా, కెలమంగలం బస్సుకు పోదాం," అన్నింది తిమ్మక్క.

శేషప్ప చెన్నై రోడ్డు పట్టినాడు.

"ఒరే, యాడికిరా? మద్రాసుకు నడిచిపోతావా?"

"కొంచెం దూరం పోయొస్తానుమా. నువ్వు ఈడే ఉండు."

ఆ కొంచెం ఎంతో అతనికే తెలీదు. తిమ్మక్క కాసేపు నిలబడింది. తరువాత కొంగు నడుముకు చుట్టి తానూ వెనకాలే నడిచింది.